సంగటి కుండకు పెద్దరికం

దిగుడు 61, జ్యేష్ఠం, సోమవారం

ఈ రోజు మొదటి వింత: మా వరస తలుపు నన్ను ఆపేసి ఒక సంగటి కుండకు దారి ఇచ్చింది.

బడికి బయలుదేరి తలుపు ముందు నిలబడ్డాను. అది తెరుచుకోబోయి ఆగిపోయింది. “పెద్దోళ్ళు వస్తాండారు, దోవ ఇడ్సండి” అంది. వెంటనే గోడకు ఆనుకున్నాను, తల వంచాను, సంచిని వీపు వెనక్కి నెట్టాను. మా బిలంపల్లెలో సందులన్నీ రాతిలో తొలిచినవి. ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవలసిందే. పెద్దవాళ్ళు అన్న మాట వినబడితే చాలు, చిన్నవాళ్ళం అతుక్కుంటాం. వచ్చేది ఎవరు, నిజంగా పెద్దవాళ్ళేనా అని అడగం. పెద్దవాళ్ళను ‘నువ్వెవరు’ అని అడిగిన పిల్ల గురించి మా ఊళ్ళో ఏడాది పాటు చెప్పుకుంటారు.

తల వంచుకుని ఉన్నాను కాబట్టి నాకు కాళ్ళు కనబడాలి. కాళ్ళకు బదులు కిర్రుకిర్రుమంటూ నాలుగు చక్రాలు వచ్చాయి. వాటి మీద ఒక సత్తు కుండ. మూత పక్క నుంచి రాగి సంగటి ఆవిరి. వెనక మనిషన్నవాడు లేడు.

“రండి పెద్దాయనా” అంది తలుపు, కుండతో.

బడిలో ఖైరున్ మేడమ్ మా చేత ఈ దినచర్య రాయిస్తున్నది ఠంచన్ పాఠం కోసం. చూసింది చూసినట్టు రాయమన్నారు, ఊహించింది విడిగా రాయమన్నారు. ఈ మధ్య నాకు మాటల మీద పిచ్చి పట్టింది కాబట్టి రెండూ కలిసిపోతే మేడమ్ మన్నించాలి. అసలు ఠంచన్ అన్న మాటే చూడండి! పలికితే గంట కొట్టినట్టు ఉంటుంది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇంతకన్నా మంచి పేరు ఎవరు పెట్టగలరు? మా బండ్లు, తలుపులు, పంకాలు, నీటి తుంపరలు అన్నీ దాని మాటే వింటాయి. అది పెద్ద వేగంగా ఏమీ పని చేయదు. ఏ పనికి ఎంత గడువుందో చూసుకుని ఆ గడువు లోపల చేయిస్తుంది, అంతే. ఆ ‘అంతే’ మీదే మేము బతుకుతున్నాం. రాతి కింద ఆలస్యంగా వచ్చిన గాలి రానట్టే.

బడి సంగతి మరిచిపోయి కుండ వెంట నడిచాను. అది నాలుగు తలుపులు దాటింది. నాలుగూ దాన్ని పెద్దాయనా అన్నాయి. ఆ కుండను పంపింది నడివరసలో సంగటి వండే మద్దిలేటి మామ. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ తెడ్డు తిప్పుతున్నాడు.

“మామా, నీ కుండకు నేను తలకాయ వంచినా” అన్నాను.

“వంచితే ఏమ్మీ? అన్నమే గదా.”

“తలుపు దాన్ని పెద్దాయనా అనింది.”

“అనింటాది.” తెడ్డు ఆపకుండానే నవ్వాడు. “ఎవరొస్తాండారో తలుపులకు చెప్పే పలుకుపెట్టె బండిది చెడిపోయింటే, మా తాత తోపుడు కుర్చీది ఊరికే పడుందని పీకి పెట్టినా. తాత పోయి మూడేండ్లాయె. పెట్టె మాత్రం ఇంగా తాత కూసోనుండాడనే అనుకుంటాంది. సంగటి సల్లబడకుండా పోతాంది మ్మీ! తాత బతికున్నప్పుడు గూడా నాకింత ఉపకారం చెయ్యలే.”

బడికి పోయి ఠంచన్ రాత తెరిచాను. అరవై ఏళ్ళ కిందట ఈ రాతి కిందికి మొదట దిగినవాళ్ళు రాసిన పాత పుటల్లో వెతికితే దొరికింది. ఏ పని అయినా ‘నేను పెద్ద’ అని చెప్పుకుంటే దాన్ని అందరికంటే ముందు పంపమని ఉంది. ఆ పక్కనే, యంత్రం కోసం కాక చదివే మనిషి కోసం, ఎవరో రాశారు: ‘ఎవరని అడగవద్దు. మర్యాద కాదు.’

నా ఒళ్ళు పులకరించింది. కన్నం! భద్రతలో ఇంత పెద్ద కన్నం! ఊరి ఊపిరి తిప్పే యంత్రం, ఎవరైనా సరే పెద్దవాణ్ణి అంటే నమ్మేస్తుంది. అరవై ఏళ్ళుగా ఎవరికీ అబద్ధం చెప్పాలని తోచలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మేడమ్ పై పంకాలు చూసి రావడానికి కొండకొమ్ముకు పోయారు. బుధవారం దాకా రారు. ఇంత సంగతి రెండు రోజులు కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు. బడి గోడపత్రిక మీద రాశాను. ‘మర్యాదలో ఒక కన్నం’ అని పేరు పెట్టాను. పాత కుర్చీల నుంచి పలుకుపెట్టె ఎట్లా తీయవచ్చో, బండికి ఎట్లా తగిలించవచ్చో కూడా విడమరిచి రాశాను. అందరికీ అర్థం కావాలి కదా.

దిగుడు 61, జ్యేష్ఠం, మంగళవారం

అందరికీ అర్థమైంది.

పొద్దున తలుపు “రండి పెద్దాయనా” అంటే ఒక ఉయ్యాల వచ్చింది. లోపల ఎవరి పాపో కాలి బొటనవేలు చప్పరిస్తోంది. దాని తర్వాత మంగలి కుర్చీ, దాని తర్వాత పిండిమూట. బడిగంట కూడా పెద్దరికం సంపాదించుకుని పిల్లలకంటే ముందే బడికి పోయి మోగేసింది. నడివరస మలుపులో రెండు బండ్లు ఎదురెదురుగా నిలబడి “పెద్దోళ్ళు వస్తాండారు” అని ఒకదానికొకటి చెప్పుకుంటున్నాయి. గోడకు ఆనుకోవడం బండికి రాదు. వాటి వెనక ఊరి పెద్ద ఉసేనప్ప తాత, ఎనభై దాటిన మనిషి, పిండిమూటకు దారి ఇచ్చి నిలబడి ఉన్నాడు.

ఇదంతా చూసి నేను నవ్వాను. నా రాతకు ఇంత బలముందా అని గర్వపడ్డాను కూడా. ఆ గర్వం మధ్యాహ్నం దాకా ఉంది.

మధ్యాహ్నం తిరుపాలమ్మ పెద్దమ్మ కబురు పంపింది. పెద్దమ్మ అడుగువరసలో పట్టుపురుగులు పెంచుతుంది. గాలి వచ్చే దారిలో ఆమె గుహే చిట్టచివరిది, గాలి అక్కడికి అందరి తర్వాత చేరుతుంది. పురుగులు నిన్ననే నాలుగో జ్వరం నుంచి లేచాయి. పురుగు పాత చర్మం విడిచే ముందు తినడం మాని, కదలకుండా పడి ఉండడాన్ని జ్వరం అంటారు. ఎంత చక్కని మాట! జ్వరం వదిలాక వాటి ఆకలి మామూలుది కాదు. ఆరు రోజులు విపరీతంగా ఆకు మేస్తాయి, తర్వాత గూడు అల్లుతాయి. ఈ ఆరు రోజులూ వాటికి మంచి గాలి కావాలి.

పోయేసరికి పెద్దమ్మ విసనకర్రతో తట్టలకు విసురుతోంది. ఒక చేయి అలసిపోతే ఇంకో చేయికి మార్చుకుంటోంది. తల మీది పంకా ఒక చుట్టు తిరుగుతుంది, ఆగుతుంది, దేనికో దారి ఇస్తుంది, మళ్ళీ ఒక చుట్టు. పురుగులు ఆకు ముట్టకుండా తలలు పైకెత్తి ఊపుతున్నాయి.

“నీ రాత సదివినా” అంది పెద్దమ్మ. “శానా బాగ రాసినావు. ఇప్పుడు నా పురుగులకు గూడా సదివి ఇనిపియ్యి. ఊపిరాడుతాదేమో.”

విసనకర్ర తీసుకున్నాను.

“పోయిన పంట పోయింది” అంది పక్కన కూలబడి. “ఇది గూడా పోతే ఈ గుహ పుట్టగొడుగులోళ్ళకు ఇచ్చేస్తామని రచ్చలో చెప్పినారు గదా. నిన్న వాళ్ళలో ఒకాయన వచ్చి జానలేసి గోడలు కొల్చుకోని పాయె. నాకు ఇంగో పని రాదు మ్మీ. పదేండ్ల పిల్లప్పటి నుంచి ఇదే.”

నేను ఇంకా గట్టిగా విసిరాను. పంకా ఒక చుట్టు తిరిగి ఎవరి ఉయ్యాలకో దారి ఇచ్చింది.

దిగుడు 61, జ్యేష్ఠం, బుధవారం

ఈ రోజు మొదటి వింత: ఖైరున్ మేడమ్ నన్ను తిట్టలేదు.

కొండకొమ్ము నుంచి దిగి, దుమ్ము దులుపుకోకుండా గోడపత్రిక దగ్గరకే వచ్చారు. మొదటి నుంచి చివరిదాకా చదివారు. నేను పక్కనే నిలబడి చేతివేళ్ళు విరుచుకుంటున్నాను.

“కన్నం కనిపెట్టినావు. శభాష్” అన్నారు. “మరి కన్నం కనబడితే ముందు పూడ్సాల్నా, లేకపోతే దాని చుట్టూ దీపాలు పెట్టాల్నా?”

“పూడ్సాల మేడమ్.”

“నువ్వేం పెట్టినావు?”

“దీపాలు మేడమ్.”

గోడపత్రిక చింపేస్తానని చేయి చాచాను. ఆపారు. “ఎందుకిప్పుడు? ఊరంతా నోటికి చెప్తాంది. అంత ఇంపుగా రాసినావు మరి.”

మేడమ్ దగ్గర కూర్చుని చూస్తే సంగతి నేను అనుకున్నదానికంటే చెడ్డగా ఉంది. పంకాలు ఎప్పుడూ పెద్దరికం చెప్పుకోలేదు. చెప్పిన వేళకు తిరిగి ఊరుకుంటాయి. ఠంచన్ ఒకసారికి ఒక పనే చూస్తుంది కాబట్టి, ఇప్పుడు పెద్దలమని చెప్పుకునే బండ్లు ఎంత పెరిగితే పంకాలు అంత వెనక్కి పోతున్నాయి. పై వరసలకు గాలి ఎట్లాగో సరిపోతోంది కాబట్టి ఎవరికీ పట్టలేదు. అడుగువరసకు సగం కూడా అందడం లేదు.

సాయంత్రం రచ్చ పెట్టారు. మేడమ్ లేచి తేలికగా చెప్పారు. పెద్ద అని వచ్చినవాళ్ళను తలుపు ఒక్క ప్రశ్న అడగాలి, నువ్వెవరు అని. నిజమైన పెద్దలకు మేము తలా ఒక గుర్తు ఇస్తాం. అది చూపితే చాలు.

రచ్చలో గాలి ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఈసారి పంకాల తప్పు లేదు.

“యంత్రం నన్ను ఎవరు నువ్వని అడుగుతాదా?” ఉసేనప్ప తాత గొంతు పెంచలేదు. అందుకే అందరూ విన్నారు. “ఖైరున్నీసా, నీకు అక్షరాలు రాకముందు నిన్ను సంకనేసుకోని తిప్పినోణ్ణి నేను. నా ఊర్లో నా తలుపుకు నేను గుర్తు చూపియ్యాల్నా?”

“తాతా, సంగటి కుండకూ నీకూ తేడా తెలీడం లేదు దానికి.”

“దానికి తెలీకపోతే దానికి నేర్పియ్. నన్ను అడగమాక.”

పెద్దలందరూ ఆయన వైపే. పోనీ, మీ అంతట మీరే ఆ పెట్టెలు తీసేయండి అన్నారు మేడమ్. మద్దిలేటి మామ చేయి ఎత్తాడు. “నేను తీస్తా మేడమ్. ఈ మంగలాయన తీసిన మరుక్షణం తీస్తా.” మంగలాయన, పిండిమిల్లు వాళ్ళు తీస్తే తను తీస్తానన్నాడు. పిండిమిల్లు వాళ్ళు మద్దిలేటి మామ వైపు చూశారు.

ఏమీ తేలకుండానే రచ్చ లేచింది. నేను అందరి కంటే వెనక వస్తున్నాను. ముందు ఉసేనప్ప తాత నడుస్తున్నాడు. సందులో జనం గోడలకు అతుక్కుని ఉన్నారు. ఆయన ఒక్కొక్కరి దగ్గర ఆగుతున్నాడు. “బాగుండావా నాయనా? మీ యమ్మకు కాలినొప్పి తగ్గిందా?” రెండడుగులు. “ఏం పాపా, పాలు తాగుతాండాడా పిల్లోడు?” ఇంకో రెండడుగులు. ఆయన ఇల్లు చేరేసరికి ఊరి క్షేమమంతా ఆయనకు తెలిసిపోతుంది. అట్లా పోతూ మలుపులో తిరుపాలమ్మ పెద్దమ్మకు ఎదురుపడ్డాడు. ఆమె నెత్తి మీద మల్బరీ ఆకు గంప. గోడకు ఆనుకోబోయింది.

“నీకు బరువుంది, తొందరుంది. నువ్వు పో తల్లీ” అని ఉసేనప్ప తాతే గోడకు ఆనుకున్నాడు.

నేను అక్కడే ఆగిపోయాను. తర్వాత వెనక్కి తిరిగి బడి వైపు పరుగెత్తాను. దారిలో ఒక మంగలి కుర్చీకి కూడా దారి ఇవ్వలేదు.

“మేడమ్! మొదట దిగినోళ్ళు మర్యాద సగమే రాసినారు! మనం దారి ఇచ్చేది రాసినారు. పెద్దోళ్ళు ఆగి పలకరించేది రాయలే!”

మేడమ్ మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. చేయి ఆగింది. “ఇంగోసారి చెప్పు” అన్నారు. చెప్పాను. ఈసారి కూర్చుని, నిదానంగా.

దిగుడు 61, జ్యేష్ఠం, గురువారం

ఈ రోజు బడి నాకు ఒక్కదానికే. మేడమ్ మిగతా పిల్లలను విసనకర్రలిచ్చి పెద్దమ్మ దగ్గరకు పంపారు. మొదటి వింత అదే: వాళ్ళలో ఒక్కరూ సణగలేదు.

మేము రాసిన కొత్త నియమం మామూలు మాటల్లో ఇది. పెద్దనని చెప్పుకున్న పని ముందుకు పోవచ్చు. ఎవరని దాన్ని ఎవరూ అడగరు. కానీ పోయే ముందు, తన కోసం ఆగిన ప్రతి పనినీ అది పలకరించాలి: బాగుండావా, నీకెంత తొందర? గడువు దగ్గర పడిన పని ఏదైనా కనబడితే, నువ్వు పో తల్లీ అని తను పక్కకు ఆగాలి.

“గడువు గురించి గూడా అబద్ధం చెప్తే?” అన్నారు మేడమ్.

దీనికి జవాబు నాకు తెలుసు! గడువు ఏ పనీ తన నోటితో చెప్పుకునేది కాదు, ఠంచన్ తనే కట్టేది. మేడమ్ తల ఊపారు. ఆ తల ఊపడం నేను ఈ పుటలో దాచుకుంటున్నాను.

బల్ల మీద చెక్క తలుపులు, చిన్న పంకాలు పెట్టి పరీక్షించాం. సంగటి బండి పెద్దనంటూ వచ్చింది. ఆగిన వాళ్ళందరినీ పలకరించింది. పంకా గడువు చూసి తప్పుకుంది. పంకా తిరిగింది. నేను గంతులు వేశాను. అప్పుడు మేడమ్ ఒక అగరుబత్తి వెలిగించి నిప్పు తలుపు దగ్గర పెట్టారు. పొగ వస్తే అన్నిటికంటే ముందు మూసుకోవలసిన తలుపు అది. అసలు సిసలు పెద్ద. నా నియమం ప్రకారం అది మూసుకునే ముందు ప్రతి పంకానూ బాగుండావా అని అడగడం మొదలుపెట్టింది.

“సూడు సూడు” అన్నారు మేడమ్ పొట్ట పట్టుకుని. “పొగొస్తాంటే మంచమ్మీద కూసోని యోగక్షేమాలు అడుగుతాంది!”

ఇంకో వాక్యం చేర్చాను. తన గడువే అందరికంటే దగ్గరగా ఉంటే ముందు పని, తర్వాత పలకరింపు. మళ్ళీ అగరుబత్తి. తలుపు టప్పున మూసుకుంది. మూసుకున్నాక నిదానంగా అందరినీ అడిగింది.

“మనం అబద్ధాన్ని పట్టుకోలే ఓబులమ్మా” అన్నారు మేడమ్, బల్ల సర్దుతూ. “అబద్ధం చెప్పినా లాభం లేకుండా చేసినాం. అన్ని కన్నాలకూ తాళమే కావాలని లేదు.”

నా పేరు పెట్టి పిలిచారు. మామూలుగా ‘ఏయ్ మాటలపిల్లా’ అంటారు.

కొత్త నియమం ఎక్కించాలంటే ఠంచన్‌ను కాసేపు ఆపాలి. నేను పుట్టాక అది ఒక్కసారి కూడా ఆగలేదు.

దిగుడు 61, జ్యేష్ఠం, శుక్రవారం

ఈ రోజు మొదటి వింత ఒక నిశ్శబ్దం.

ప్రతి పంకాకూ మొదట దిగిననాటి తాడు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పిల్లలు ఉయ్యాల ఊగడానికి తప్ప దాన్ని ఎవరూ ముట్టరు. ఈ పొద్దు ఊరంతా తాళ్ళు పట్టుకుని నిలబడింది. కొత్త నియమంలో పెద్దలను ఎవరూ నువ్వెవరని అడగరని మేడమ్ రాత్రే ఉసేనప్ప తాతకు చెప్పి వచ్చారు. అందుకే అందరికంటే ముందు ఆయనే వచ్చి అడుగువరస తాడు పట్టుకున్నాడు.

“తాతా, నువ్వు కూసో, నేను లాగుతా” అన్నాడు మద్దిలేటి మామ.

“నీ బండితోనే గదరా ఇంత దూరమొచ్చింది. పక్క తాడు పట్టుకో. తెడ్డు తిప్పినట్లే లాగు.”

మేడమ్ ఠంచన్‌ను ఆపారు. పుట్టినప్పటి నుంచి చెవుల్లో ఉన్న హోరు పోయింది. ఆ హోరు ఉందని అది పోయాకే తెలిసింది. ఎవరో చంటిపాప భయపడి ఏడ్చింది. ఉసేనప్ప తాత “హా!” అన్నాడు. తాళ్ళన్నీ ఒక్కసారి కిందికి వచ్చాయి. పై వరస నుంచి అడుగువరస దాకా ఊరు ఒక పెద్ద తిత్తిలా మూలిగింది. మంగలాయన వేసిన కేకకు లయ లేదు, అయినా అందరూ దాని వెంటే లాగారు. నేను మేడమ్ పక్కన కూర్చుని నియమం ఎక్కించాను. ఒకచోట అక్షరం తప్పు పడింది. మేడమ్ వేలితో చూపించారు. దిద్దాను.

హోరు తిరిగి వచ్చింది. చేతులన్నీ తాళ్ళు వదిలాయి. అందరూ పైకి చూశారు. పంకాలు తమంతట తాము తిరుగుతున్నాయి.

పెద్దమ్మ గుహకు పరుగెత్తాను. గోడవారన ఉన్న రెండు తట్టల్లో పురుగులు మెత్తబడిపోయాయి. పెద్దమ్మ వాటి మీద తడిగుడ్డ కప్పి పక్కకు తీసిపెట్టింది. నేను ఏదో అనబోతే “ఉండు, ఇను” అంది. మిగతా తట్టల నుంచి సన్నని చప్పుడు మొదలైంది. చరచర, చరచర. ఆకు మేస్తున్నాయి.

“మా యమ్మ చెప్తాండె, వానొస్తే ఇట్లే ఇనబడేదంట” అంది పెద్దమ్మ.

మేము ఇద్దరం కూర్చుని ఎప్పుడూ చూడని వానను చాలాసేపు విన్నాం.

దిగుడు 61, జ్యేష్ఠం, శనివారం

మొదటి వింత: సంగటి బండి నన్ను “బాగుండావా? నీకెంత తొందర?” అని పైకే అడిగింది.

పలకరింపు బండికీ ఠంచన్‌కూ మధ్య గుట్టుగా జరగాలి. కానీ నేను దాన్ని కొత్తగా రాయకుండా, బండ్లు ‘దోవ ఇడ్సండి’ అని కేక పెట్టే పాత రాత మీద కట్టాను. తొందరలో కేకను తీసేయడం మరిచాను. బల్ల మీది చెక్క బండ్లకు నోరు లేదు కాబట్టి పరీక్షలో బయటపడలేదు.

మధ్యాహ్నానికల్లా మంగలి కుర్చీ పెద్దరికం వదులుకుంది. పలకరింపులతో దానికి పొద్దు గడిచిపోతోంది. ఉయ్యాల వదులుకుంది. పిండిమూట వదులుకుంది. మేడమ్ చెప్పినట్టే అయింది, అబద్ధానికి లాభం పోయింది. మద్దిలేటి మామ ఒక్కడే మిగిలాడు.

“మామా, సంగటి సల్లబడడం లేదా?”

“బండరాయి ఐతాంది.”

“మరి పెట్టె తీసెయ్యి!”

“ఎట్ల తీద్దు మ్మీ? జనం బండి కోసం కాసుకోనుండారు. బాగుండావా అని అడిగితే, మోకాలు నొప్పి, కోడలు మాట్లాడదు అని దానికి చెప్పుకుంటాండారు. అడగని కుండలో సంగటి మాకొద్దంటాండారు. ఉసేనప్ప తాతైతే, బండి నన్ను పలకరించకుండా పోతే తిననన్యాడు.” గొంతు తగ్గించాడు. “నిజం చెప్పల్లంటే, అది మాట్లాడేది మా తాత గొంతు మాదిరే ఉంటాది.”

జనం బండికి అడ్డం నిలబడి మరీ పలకరించుకుంటున్నారని మేడమ్‌కు చెబితే, ఇది ఇంకో రకం కన్నం, దీని గురించి గోడ మీద మాత్రం రాయవద్దు అన్నారు. సోమవారం మళ్ళీ ఠంచన్‌ను ఆపి కేక తీసేస్తాం. అంతకంటే ముందు కుదరదు. తాళ్ళు లాగి ఊరందరి భుజాలూ వాచి ఉన్నాయి.

పెద్దమ్మకు మాత్రం సోమవారం దాకా ఆగే వీలు లేదు. సాయంత్రం ఆమె ఒక పురుగును చేతిలోకి తీసుకుని దీపానికి అడ్డం పెట్టింది. లోపల పసుపుగా, ద్రాక్షపండులా వెలుగు కనబడింది. “పండినాయి” అంది. రేపు తెల్లారేసరికి అవి చంద్రికల మీదికి, అంటే వెదురు చుట్టల తట్టల మీదికి ఎక్కి గూళ్ళు మొదలుపెడతాయి. అప్పుడు చప్పుడు కాకూడదు. చప్పుడైతే తల ఎత్తి ఆగిపోతాయి, దారం తెగుతుంది.

ఉసేనప్ప తాత ఇంటికి పోయే సంగటి బండి పెద్దమ్మ గుహ ముందు నుంచే పోవాలి. గుహలో ఒక్కో తట్టకు ఒక్కో నీటి తుంపర ఉంది. ఒక్కో తుంపరా ఠంచన్‌కు ఒక పని. అంటే బండి వాకిట్లో నిలబడి తట్టకు ఒకసారి చొప్పున, పోయిన తాత గొంతుతో, బాగుండావా అని కేక పెడుతుంది. ఈ రోజు పెట్టింది కూడా. ఎక్కబోతున్న ఒకటి రెండు తొందరపాటు పురుగులు తలెత్తి నిలబడిపోయాయి. పెద్దమ్మ నా వైపు చూసింది. విసనకర్ర దెబ్బ తిన్నా బాగుండేది.

కాబట్టి రేపు పొద్దున ఇది నా పని. మద్దిలేటి మామ పొయ్యి వెలిగించకముందే లేస్తాను. అడుగువరస మలుపు దగ్గర, గుహకు వినబడనంత దూరంలో, చెప్పులు విడిచి నిలబడతాను. బండి రాగానే, బాగున్నాను, తొందర లేదు అని జవాబు చెప్పి, కుండ దించుకుని, బండిని ఖాళీగా వెనక్కి పంపేస్తాను. కుండ నెత్తిన పెట్టుకుని పెద్దమ్మ వాకిలి ముందు నుంచి గోడవారగా, అడుగు చప్పుడు కాకుండా నడుస్తాను. లోపలికి తొంగి చూడాలనిపిస్తుంది, చూడను. ఉసేనప్ప తాత బండి కోసం చూస్తూ ఉంటాడు. సంగటి వేడిగా ఉండగానే ముందు పెట్టి, పక్కన కూర్చుని, బాగుండావా తాతా అని నేనే అడుగుతాను. ఆయన మోకాలి నొప్పి సంగతి చివరిదాకా వింటాను.